మందు చేసిన చోటే దాని అచ్చూ చేయాలి

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. అందులోంచి ఒక మాత్రల అట్ట తీసి వెనక్కి తిప్పి చూడండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటిలోగా వాడాలి, ఎక్కడ తయారైంది, అన్నీ చిన్న అక్షరాలలో ఉంటాయి. తయారైన చోటు దగ్గర హైదరాబాదు పరిసరాలలోని ఊరి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. బాచుపల్లి, బొల్లారం, జీడిమెట్ల, పటాన్‌చెరు: ఈ పేర్లు మందుల అట్టల మీద ఎక్కి దేశదేశాలు తిరిగి వచ్చాయి.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. 1960 దశాబ్దంలో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ మందుల కార్ఖానా వెలిసింది. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు కొందరు తరువాత సొంత కార్ఖానాలు పెట్టుకున్నారు. వారిలో ఒకరైన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ పరిశోధనా కేంద్రం నేడు బాచుపల్లిలోనే ఉంది. మియాపూర్ నుంచి గండిమైసమ్మ వెళ్ళే దారిలో ఒకప్పుడు చిన్న పల్లెగా ఉన్న ఈ ఊరు ఇప్పుడు అపార్టుమెంట్లతో, కళాశాలలతో, మందుల కార్ఖానాలతో నగరంలో కలిసిపోయింది. ఇక్కడివాళ్ళు చౌకగా మందులు చేయబట్టే ఎన్నో దేశాలలో బీదవాళ్ళకు కూడా వైద్యం అందుతోంది. అది మనం గర్వించదగిన విషయమే.

అయితే గర్వంతో పాటు ఒక బాధ్యత కూడా ఉంది. దాని గురించే ఈ వ్యాసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట: ఒక మందు అణువును తయారుచేసేవారు, ఆ అణువును నీటిలో పసికట్టే అచ్చును కూడా తయారుచేసి లోకానికి ఇవ్వాలి. ఈ అచ్చు ఏమిటో, అది ఎందుకు అవసరమో వరుసగా చూద్దాం.

వాగులో మాత్ర

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతపు కార్ఖానాల మురుగు మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషను పడింది. అక్కడి ఇసుకవాగు నీరు నక్కవాగులో, నక్కవాగు నీరు మంజీరలో కలుస్తాయి. మంజీర గోదావరిలో కలుస్తుంది. అంటే పటాన్‌చెరు వాగులోకి వదిలింది పటాన్‌చెరులోనే ఆగిపోదు.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిం లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కార్ఖానాల మురుగును శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఉండేది. అక్కడ శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది!

31 మిల్లీగ్రాములంటే ఎంత? సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర సామాన్యంగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది. లెక్క కట్టండి: 16 లీటర్ల నీటికి ఒక మాత్ర. అంటే పెద్ద బిందెడు నీటిలో ఒక మాత్ర కరిగి ఉన్నట్టు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా మందు లీటరుకు రెండు, మూడు మిల్లీగ్రాములకు మించి ఉండదు. రోగి రక్తంలో కంటే ఆ నీటిలోనే పదింతలు ఎక్కువ మందు ఉందన్నమాట. ఒక్కరోజులో అక్కడి నుంచి బయటికి పోయిన ఆ మందు 40 కిలోలకు పైగా ఉంటుందని వారు అంచనా కట్టారు. ఆ తరువాత ఆ కేంద్రపు నీటిని పైపుల ద్వారా అంబర్‌పేటలోని మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. అయినా ఆ అంకె నేర్పిన పాఠం మాత్రం పాతబడలేదు.

నీటిలో మందు ఉంటే మంచిదే కదా, క్రిములు చస్తాయి అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. పొరపాటు. క్రిములన్నీ చావవు. కోట్ల సంఖ్యలో ఉండే బాక్టీరియాలలో ఆ మందుకు లొంగనివి కొన్ని ఉంటాయి. లొంగేవి చచ్చిపోగా లొంగనివే మిగిలి పిల్లలను పెడతాయి. అంతటితో ఆగక, తమ మొండితనానికి కారణమైన జన్యువులను పక్కనున్న వేరే జాతి బాక్టీరియాలకు కూడా పంచిపెడతాయి. 2011లో ఇదే ప్రాంతపు వాగు అడుగు మట్టిని పరీక్షించినప్పుడు మందులకు లొంగని జన్యువులు చాలా ఎక్కువగా కనిపించాయి. రేపు మీ తమ్ముడికి జ్వరం వచ్చి డాక్టరు మందు రాస్తే, అది పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఇటువంటి వాగుల అడుగున కూడా రాసి ఉంటుంది.

కొలవకుండా ఆపగలమా?

కార్ఖానాల మురుగును ఎవరూ కొలవడం లేదని కాదు. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు ఎప్పటికప్పుడు కొలిచే యంత్రాలు పెట్టుకోవాలని ఆదేశించింది. మందుల పరిశ్రమ అందులో ఉంది. ఆ యంత్రాలు నీటి ఆమ్లత్వం ఎంత, నీటిలోని మలినాలను ఆక్సీకరణం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలి, తేలియాడే నలుసులు ఎన్ని వంటివి చెబుతాయి. అంటే "నీరు మురికిగా ఉంది" అని చెప్పగలవు. "ఇందులో ఫలానా యాంటీబయోటిక్ ఇంత ఉంది" అని చెప్పలేవు. సంతలో దొంగ పడ్డాడని కేకపెట్టడం ఒకటి, వీడే దొంగ అని చెయ్యి పట్టుకోవడం మరొకటి కదా!

చెయ్యి పట్టుకోవాలంటే ఈనాడు మనకున్న ముఖ్యమైన మార్గం నీటిని సీసాలో పట్టి పెద్ద ప్రయోగశాలకు పంపడం. అక్కడ ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి, వాటి అణువుల బరువు తూచే యంత్రం ఉంటుంది. అది చాలా కచ్చితమైనది, చాలా ఖరీదైనది. దాన్ని నడపడానికి శిక్షణ పొందినవాళ్ళు కావాలి. ఫలితం వచ్చేసరికి రోజులు పడుతుంది. ఈలోగా వాగులో ఆ నీళ్ళు ఎక్కడో పోయి ఉంటాయి. వర్షం పడే రాత్రి ఎవరైనా ట్యాంకరు తిప్పేస్తే, మర్నాడు సీసాలో దొరికేది వాననీరే.

చక్కెర వ్యాధి ఉన్నవారి సంగతి గుర్తు చేసుకోండి. ఒకప్పుడు రక్తంలో చక్కెర ఎంతో తెలియాలంటే ప్రయోగశాలకే వెళ్ళాలి. 1962లో అమెరికాలో లేలండ్ క్లార్క్ చేసిన ఎంజైము ఎలక్ట్రోడు ఆలోచన పెరిగి పెరిగి ఈనాడు అరచేతిలో ఇమిడే పరికరమైంది. తాతయ్యలూ అమ్మమ్మలూ ఇంట్లో కూర్చుని వేలి మీద చుక్క తీసి చూసుకుంటున్నారు. కొలత రోగి చేతికి రాగానే వైద్యం తీరే మారిపోయింది. వాగుకు కూడా అటువంటి పరికరం కావాలి. అయితే చక్కెరను పట్టే ఎంజైము ప్రకృతిలోనే దొరికింది. మనిషి కొత్తగా తయారుచేసిన మందులకు తగిన ఎంజైము ప్రతిసారీ దొరకదు. దొరికినా ఎండకు, ఆమ్లానికి, మురుగుకు తట్టుకోలేదు. అందుకే శాస్త్రజ్ఞులు ప్లాస్టిక్ వైపు చూశారు.

మైనం కరిగిన ఖాళీ

ఆదిలాబాదు ప్రాంతంలో డోక్రా బొమ్మలు చేసే కళాకారులు ఉన్నారు. వారి పద్ధతి చూడండి. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి బొమ్మ చేస్తారు. దానిపై మళ్ళీ మట్టి పూస్తారు. ఎండిన తరువాత నిప్పుల్లో కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది. మైనం ఉన్న చోట అదే ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తే బొమ్మ తయారు.

అణువుల అచ్చు కూడా సరిగ్గా ఇంతే. ఇక్కడ మైనపు బొమ్మ బదులు మందు అణువు ఉంటుంది. మట్టి బదులు పాలిమర్ ఉంటుంది. పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసులుగా అతుక్కుని ఏర్పడిన పెద్ద అణువు అని మీరు చదివే ఉంటారు.

తయారీలో మూడు మెట్లున్నాయి. మొదట మందును ఒక ద్రావణిలో కరిగించి, అందులో మెథాక్రిలిక్ ఆమ్లం వంటి చిన్న అణువులు కలుపుతారు. వీటికి మందు అణువు చేతులు పట్టుకునే గుణం ఉంది. మందులో నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఎక్కడ ఉంటే అక్కడ ఇవి హైడ్రోజన్ బంధాలతో చేరి నిలబడతాయి. పెళ్ళికూతురి చుట్టూ చుట్టాలు చేరినట్టు అనుకోండి. రెండో మెట్టులో, అందరినీ గట్టిగా కట్టిపడేసే మరో రసాయనాన్ని ఎక్కువ మోతాదులో కలిపి వేడిచేస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఉన్నచోటే బిగుసుకుపోతారు. ద్రావణం గట్టి ప్లాస్టిక్ అయిపోతుంది. మూడో మెట్టులో తగిన ద్రావణితో కడిగి మందు అణువులను బయటికి తీసేస్తారు. మైనం పోయినట్టు మందు పోతుంది. దాని ఆకారం, దాని చేతులు పట్టుకున్న స్థానాలు ఆ ఖాళీలో మిగిలిపోతాయి.

ఇప్పుడు ఈ ప్లాస్టిక్‌ను నీటిలో ముంచితే ఆ మందు అణువు వచ్చి తన ఖాళీలో కూర్చుంటుంది. వేరే ఆకారం ఉన్నది సరిగా కుదరక జారిపోతుంది. తాళంలో దాని తాళంచెవి మాత్రమే తిరిగినట్టు. ఈ తాళం–తాళంచెవి పోలికను ఎంజైముల విషయంలో 1894లోనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ వాడాడు. మనవాళ్ళు చేసిన తమాషా ఏమిటంటే, తాళంచెవి చుట్టూ తాళాన్ని పోతపోయడం!

తప్పు సిద్ధాంతం, ఒప్పు ప్రయోగం

ఈ అచ్చుల చరిత్రలో మీరు గుర్తుంచుకోదగిన సంగతి ఒకటి ఉంది. మన శరీరంలోకి కొత్త క్రిమి వస్తే దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు పుడతాయి. అవి అంత సరిగా ఎలా కుదురుతాయి? 1940లో మహాశాస్త్రజ్ఞుడు లైనస్ పాలింగ్ ఒక జవాబు చెప్పాడు: వచ్చిన పదార్థమే అచ్చుగా పనిచేసి ప్రతిరక్షకం దాని చుట్టూ మడతపడుతుంది అని. ఇది తప్పని తరువాత తేలింది. శరీరం ముందే లెక్కలేనన్ని రకాల ప్రతిరక్షకాలను చేసి పెట్టుకుంటుంది. వచ్చిన పదార్థానికి కుదిరినదాన్నే ఎంచుకుని పెంచుకుంటుంది.

కానీ పాలింగ్ శిష్యుడు ఫ్రాంక్ డికీ ఆ ఆలోచనను గాజుగిన్నెలో పరీక్షించాడు. టైట్రేషన్‌లో మీరు వాడే మిథైల్ ఆరెంజ్ రంగు ఉంది కదా, దాని సమక్షంలో సిలికా జెల్ తయారుచేసి, రంగు కడిగేశాడు. ఆ జెల్ తరువాత ఇతర రంగుల కంటే మిథైల్ ఆరెంజ్‌నే ఎక్కువగా పట్టుకుంది. ఇది 1949 నాటి మాట. శరీరంలో తప్పైన సిద్ధాంతం గాజుగిన్నెలో ఒప్పైంది! అంతకుముందు 1931లోనే సోవియట్ శాస్త్రజ్ఞుడు పోల్యాకోవ్ సిలికాలో ఇటువంటి గుణాన్ని గమనించాడు. 1972లో జర్మనీలో గుంటర్ వుల్ఫ్ ప్లాస్టిక్‌లో అచ్చు వేసే పద్ధతి చూపాడు. 1993లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో క్లాస్ మోస్‌బాక్, ఆయన సహచరులు ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ మందుకు అచ్చు చేశారు. థియోఫిలిన్‌కూ, మనం తాగే కాఫీలోని కెఫీన్‌కూ తేడా ఒక్క మిథైల్ గుంపు మాత్రమే. ఆ కాస్త తేడాను కూడా అచ్చు పసికట్టింది.

మన దేశంలో కూడా ఈ పని సాగింది. తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో టి. ప్రసాదరావు బృందం యురేనియం వంటి లోహాల అయాన్లకు అచ్చులు చేసింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భీమ్ బలి ప్రసాద్ బృందం, మీరు రాసుకునే పెన్సిలు ములుకు మీదనే అచ్చు ప్లాస్టిక్ పూసి ఎలక్ట్రోడుగా వాడింది. ఖరీదైన బంగారమో ప్లాటినమో ఉంటేనే గాని పరిశోధన జరగదనుకునేవారు ఈ పెన్సిలు ములుకును తలచుకోవాలి.

బరువెక్కితే స్వరం దిగుతుంది

అచ్చులో అణువు కూర్చుంది సరే, కూర్చున్నట్టు మనకు తెలిసేదెలా? కంటికి కనబడదు కదా. దీనికి మార్గాలు చాలా ఉన్నాయి. ఒకటి చెబుతాను.

మృదంగం వాయించేవారిని చూడండి. కచేరీకి ముందు ఎడమవైపు మూతకు రవ్వ ముద్ద అంటిస్తారు. ముద్ద బరువుకు ఆ మూత నెమ్మదిగా కంపిస్తుంది, స్వరం దిగుతుంది. క్వార్ట్జ్ స్ఫటికపు పలుచని బిళ్ళ కూడా విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది. అయితే సెకనుకు 50 లక్షల సార్లు! ఆ బిళ్ళ మీద అచ్చు ప్లాస్టిక్‌ను పలుచగా పూసి నీటిలో ఉంచితే, అచ్చుల్లో అణువులు కూర్చున్నకొద్దీ బిళ్ళ బరువెక్కి దాని స్వరం దిగుతుంది. ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 18 నానోగ్రాముల బరువు చేరితే సెకనుకు ఒక కంపనం తగ్గుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. జర్మనీకి చెందిన జవర్‌బ్రే 1959లో బరువుకూ కంపనానికీ ఉన్న ఈ సంబంధాన్ని సూత్రంగా చెప్పాడు. ఇంకో మార్గం, ఎలక్ట్రోడు మీద అచ్చు పూసి, ఖాళీలు నిండేకొద్దీ విద్యుత్తు ఎంత మారిందో కొలవడం.

నా మాట ఇదీ

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. మందు చేసేవారే అచ్చు చేయాలని ఎందుకంటున్నాను?

మొదటి కారణం, అచ్చు వేయాలంటే శుద్ధమైన మందు చేతిలో ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి పాత మందు ఎవరికైనా దొరుకుతుంది. కొత్త మందు శుద్ధరూపంలో ఉండేది దాన్ని చేసేవారి దగ్గరే. అంతకంటే ముఖ్యం, మందు తయారీలో మధ్య మెట్లలో పుట్టే పదార్థాలు కొన్ని ఉంటాయి. అవీ మురుగులోకి పోవచ్చు. వాటి పేర్లే బయటివారికి తెలియవు. తెలియనిదానికి అచ్చు వేసేదెవరు?

రెండో కారణం, ఖర్చు. పలకా బలపం తీసుకోండి. సామాన్యంగా వాడే పాళ్ళు ఇవి: మందు అణువు ఒకటికి, చేతులు పట్టుకునే అణువులు 4, కట్టిపడేసే అణువులు 20. వాటి అణుభారాలు వరుసగా 331, 86, 198. ఈ లెక్కన 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్‌తో, అంటే ఒక్క మాత్రలోని మందుతో, దాదాపు ఆరున్నర గ్రాముల అచ్చు ప్లాస్టిక్ వస్తుంది. ఒక చదరపు సెంటీమీటరు బిళ్ళ మీద మిల్లీమీటరులో వెయ్యో వంతు మందంతో పూయడానికి 0.1 మిల్లీగ్రాము చాలు. అంటే ఒక మాత్రతో 65,000 బిళ్ళలు! ఇది కాగితం మీది లెక్కే. ఆచరణలో వృథా చాలా ఉంటుంది. పదోవంతే దక్కిందనుకున్నా, టన్నుల కొద్దీ మందు చేసేవారికి ఇది ఒక ఖర్చేనా?

మూడో కారణం న్యాయం. బావి తవ్వినవాడే దానికి వరలు కట్టాలి. పిల్లలు పడిపోయిన తరువాత ఊరంతా వచ్చి కట్టడం న్యాయం కాదు. లాభం తయారుచేసినవారిదీ, పరీక్ష ఖర్చు ఊరివారిదీ కాకూడదు.

మూడు ఆక్షేపణలు

నా మాటకు ఎదురు చెప్పేవారుంటారు. వారి వాదనలో బలం లేకపోలేదు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

"అచ్చు ఇస్తే మా తయారీ రహస్యం పోతుంది" అని కొందరు అనవచ్చు. తాళం చేతికిచ్చినంత మాత్రాన తాళంచెవిని ఏ కొలిమిలో, ఏ లోహంతో చేశారో చెప్పినట్టు కాదు. అచ్చులో అణువు ఆకారం ఉంటుంది గానీ, దాన్ని తయారుచేసిన పద్ధతి ఉండదు.

"కార్ఖానా చేసి ఇచ్చిన అచ్చును నమ్మడం ఎలా?" అని ఊరివారు అడగవచ్చు. చాలా మంచి ప్రశ్న. అందుకే అచ్చును తార్నాకలోని ఐ.ఐ.సి.టి. వంటి ప్రభుత్వ ప్రయోగశాలలో, విశ్వవిద్యాలయాలలో పరీక్షించి ముద్ర వేయాలి. ఆ పరీక్షలో ఒక నియమం ఉండాలి. మందు లేకుండా అదే రసాయనాలతో, అదే పద్ధతిలో మరో ప్లాస్టిక్ చేయాలి. అంటే అచ్చు పడని ప్లాస్టిక్. రెండింటినీ ఒకే నీటిలో ముంచాలి. అచ్చున్నది ఎక్కువ పట్టి, అచ్చులేనిది తక్కువ పడితేనే అచ్చు నిజం. రెండూ సమానంగా పడితే అది అచ్చు గొప్పతనం కాదు, ప్లాస్టిక్ జిగురుతనం! ఎవరైనా సరే "మా పరికరం ఇది పసికడుతుంది" అంటే, "అచ్చులేని దానితో పోల్చి చూశారా?" అని అడగడం మీరు అలవాటు చేసుకోండి.

మూడో ఆక్షేపణ అన్నిటికంటే బరువైనది: "ఈ అచ్చులు ఇంకా అంత కచ్చితంగా పనిచేయవు." నిజమే. ప్లాస్టిక్‌లోని ఖాళీలన్నీ ఒకే రకంగా ఉండవు. కొన్ని బాగా కుదురుతాయి, కొన్ని వదులుగా ఉంటాయి. ఎంత కడిగినా కొంత మందు లోపలే ఉండిపోయి, పరీక్ష సమయంలో మెల్లగా ఊరుతుంది. అప్పుడు లేని మందు ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా అసలు మందు బదులు దాని పోలికే ఉన్న వేరే అణువుతో అచ్చు వేస్తున్నారు. మరో చిక్కు నీటితోనే ఉంది. నీటి అణువులు తామే హైడ్రోజన్ బంధాలు కట్టేస్తాయి గనుక మందు అణువుకు చోటు దొరకడం కష్టమవుతుంది. మురుగులోని జిడ్డు, బంకమన్ను బిళ్ళను కప్పేస్తాయి.

పైగా కొలవవలసిన దూరం చాలా పెద్దది. క్రిములు మొండికెక్కకుండా ఉండాలంటే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు మించరాదని 2016లో లార్సన్, ఆయన సహచరుడు బెంట్‌సన్–పాల్మే అంచనా కట్టారు. పటాన్‌చెరులో 2007 నాటి అంకె దీనికి 4 లక్షల 80 వేల రెట్లు! అంత పెద్ద మోతాదును పట్టడం ఈనాటి అచ్చులకు కష్టం కాదు. అంత చిన్న మోతాదును మురుగు మధ్యలో నమ్మకంగా పట్టడం కష్టమే.

అయినా నా అభిప్రాయం మారలేదు. చేను కాపలావాడు న్యాయమూర్తి కానక్కరలేదు. ఎవరో చేలో పడ్డారని కేకవేస్తే చాలు. తీర్పు ప్రయోగశాల చెబుతుంది. వాగు గట్టున ఉన్న చౌక పరికరం "ఇప్పుడు, ఇక్కడ తేడాగా ఉంది" అని చెబితే, ఆ నిమిషంలోనే సీసాలో నీరు పట్టి పెద్ద యంత్రానికి పంపవచ్చు. వాననీరు కాకుండా అసలు నీరు దొరుకుతుంది. ఇప్పటికే ఆహార పరీక్షలలో ఇటువంటి అచ్చు ప్లాస్టిక్ నింపిన గొట్టాలు అమ్ముతున్నారు. క్లోరాంఫెనికాల్ వంటి నిషిద్ధ యాంటీబయోటిక్‌ను ఒడిసిపట్టి, మిగతా జిడ్డును వదిలేయడానికి అవి వాడతారు. విదేశాలకు రొయ్యలు పంపే మన భీమవరం రైతుకు ఇటువంటి పరీక్ష విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ భీమవరంలోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని పరిశోధనాశాల నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ 1948లో లోకానికి తెలిసింది. అంత కష్టపడి సంపాదించిన ఆయుధాలను మురుగులో పారబోసి మొద్దుబార్చుకోవడం తగునా?

హద్దు గీయనిదే కొలతకు అర్థం లేదు

ఒక్క పరికరంతోనే పని అయిపోతుందని నేను అనడం లేదు. థర్మామీటరు జ్వరాన్ని తగ్గించదు. కొలిచినది ఎక్కువో తక్కువో చెప్పడానికి చట్టంలో ఒక హద్దు ఉండాలి. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల కార్ఖానాల మురుగులో యాంటీబయోటిక్‌లకు హద్దులు ప్రతిపాదిస్తూ ఒక ముసాయిదా ప్రకటించింది. అటువంటి ఆలోచన చేసినందుకు మెచ్చుకోవాలి. కాని 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనలలో ఆ హద్దులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శక సూత్రాలు ప్రచురించింది.

హద్దులు పెట్టడానికి వెనుకాడేవారు సాధారణంగా "ఇన్ని మందులను రోజూ కొలవడం ఎవరివల్ల అవుతుంది?" అని అడుగుతారు. చౌకైన అచ్చులు చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు బలం తగ్గుతుంది. హద్దు ఉంటే అచ్చుకు గిరాకీ పుడుతుంది, అచ్చు ఉంటే హద్దుకు ప్రాణం వస్తుంది. బండికి రెండు చక్రాలూ కావాలి.

మీ వంతు

ఇదంతా పెద్దల పని అనుకోకండి. నేటి తొమ్మిదో తరగతి, పదో తరగతి విద్యార్థులే పదేళ్ళలో ఈ కార్ఖానాలలో, ప్రయోగశాలలలో పనిచేస్తారు. బాచుపల్లిలో మందుల పరిశోధన జరుగుతోంది, వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి వంటి ఇంజనీరింగు కళాశాల ఉంది, పెరిగే పిల్లలున్నారు, పక్కనే దెబ్బతిన్న వాగులున్నాయి. అణువు తెలిసినవారు, విద్యుత్తు తెలిసినవారు, నీటి కష్టం తెలిసినవారు ఇంత దగ్గరగా ఉన్న చోట్లు దేశంలో ఎక్కువ లేవు. ఈ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే చాలు.

ప్లాస్టిక్ అచ్చులకు వాడే రసాయనాలు ఘాటైనవి, ఇంట్లో ప్రయత్నించకండి. డోక్రా అచ్చును మాత్రం మీ మాస్టారి సమక్షంలో చేసి చూడవచ్చు. చిన్న మైనపు బొమ్మ చుట్టూ బంకమట్టి పూసి, ఒక కన్నం వదిలి, బాగా ఎండనిచ్చి, వేడిచేసి మైనం కార్చండి. చల్లారిన తరువాత మట్టిని రెండుగా పగలగొట్టి లోపలి ఖాళీ చూడండి. బొమ్మ వెళ్ళిపోయినా దాని ఆనవాలు పోలేదు.

మనం చేసే ప్రతి మందుకూ అటువంటి ఆనవాలు ఒకటి దాచిపెట్టుకోవాలి. మందుల అట్ట మీద తయారైన ఊరి పేరు అచ్చువేసినంత శ్రద్ధగా, ఆ మందును వాగులో గుర్తుపట్టే అచ్చునూ తయారుచేయాలి. అప్పుడు బాచుపల్లి మందు ఎక్కడికి పోయినా మన కంట పడుతుంది. రోగి ఒంట్లో ఉంటే సంతోషిస్తాం. వాగులో ఉంటే నిలదీస్తాం.